మా ఇంట్లో టోస్టర్ లేదు

పోయిన వారం మా ఆడపడుచు బెంగళూరు నించి ఒక కాయితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. వాళ్ళ ఆఫీసులో ఎవరికో నాకున్న జబ్బే, సీలియాక్ అని తేలిందిట (గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీను పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు), డైటీషియన్ ఇచ్చిన కాయితంట అది, ఇంట్లో గ్లూటెన్ తగలకుండా ఎలా ఉండాలో పదిహేను పాయింట్లు. "వదినా, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అంది. ప్రేమగానే పంపింది పాపం. మొదటి పాయింటు, టోస్టర్ వేరేది కొనుక్కోండి. రెండోది, బ్రెడ్డుకి వెన్న రాసిన కత్తిని మళ్ళీ వెన్న డబ్బాలో ముంచకండి. మూడోది పాస్తా వార్చే జల్లెడ. అలా పదిహేనూ చదివాను. మా ఇంట్లో టోస్టర్ లేదు. పాస్తా ఒకే ఒక్కసారి చేశాం, మావాడి పుట్టినరోజుకి, అదీ ఎవరూ తినలేదు. ఆ పదిహేనిట్లో ఇంగువ డబ్బా లేదు, పిండిమర లేదు, అట్ల పెనం లేదు, సత్యనారాయణస్వామి ప్రసాదం అస్సలు లేదు.

సరే, రాసినవాళ్ళ వంటింట్లో ఏవున్నాయో అవి రాశారు, దానికి నేనేం అనను. నాకు చిరాకు వేసింది వేరే దగ్గర. పదిహేనిట్లోనూ ఒకటే వరస, పేషెంటుకి వేరే గిన్నెలు, పేషెంటుకి వేరే అర, పేషెంటుకి వంటగట్టు మీద వేరే చోటు. ఇల్లంతా గోధుమది, అందులో ఓ మూల పేషెంటుది. నాకీ జబ్బని తెలిసి మూడేళ్ళు దాటింది, మొదటి ఏడాదిన్నర నేనూ అచ్చం అలాగే చేశా, చేసి దెబ్బ తిన్నాక చెప్తున్నా, దాన్ని తిరగెయ్యాలి. మూల ఇవ్వాల్సింది గోధుమకి. ఇంత చిన్న మాటకి ఇంత పోస్టు ఎందుకూ అంటే, ఆ మాట దగ్గరికి రావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, మధ్యలో మా అత్తయ్యగారికీ నాకూ రెండుసార్లు మాటలు ఆగిపోయాయి కూడా.

అన్నం తినేవాళ్ళకి గోధుమ జబ్బేంటి

ఈ మాట నాతో అనని చుట్టం లేదు. "నీకేం పర్లేదే, మనం ఎలాగూ అన్నం తినేవాళ్ళమే, ఆ పంజాబీ వాళ్ళకైతే కష్టం గానీ." నేనూ అలాగే అనుకున్నా మొదట్లో. ఇడ్లీ, పెసరట్టు, పప్పు, పులుసు, పెరుగన్నం, ఇందులో గోధుమ ఎక్కడుంది?

అసలు జబ్బు బయటపడ్డానికే ఆరేళ్ళు పట్టింది ఈ ధీమా వల్లే. ఆరేళ్ళూ "రక్తం తక్కువ" అనే అన్నారు. హిమోగ్లోబిన్ 8 దగ్గర బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఐరన్ బిళ్ళలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ జ్యూసు, మా అమ్మ పంపే నువ్వుండలు, ఏదీ ఒంటికి పట్టలేదు. ఎలా పడుతుంది, తిన్నదాన్ని పీల్చుకోవాల్సిన చిన్నపేగు లోపల ఉండే నూగంతా అరిగిపోయి నున్నగా అయిపోతే. చివరికి ఒక డాక్టరమ్మ, ఎందుకైనా మంచిదని టీటీజీ అని ఒక రక్తపరీక్ష రాసింది, తర్వాత ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్కలు తీశారు, తేలిపోయింది. అంతకు ముందు చూసిన డాక్టర్లని కూడా నేను తప్పు పట్టను. 2016లో వచ్చిన ఒక సర్వే ఉంది, దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళని చూశారు, ఉత్తరాదిలో నూటికి 1.23 మంది రక్తంలో ఈ జబ్బు గుర్తులు కనిపిస్తే దక్షిణాదిలో 0.10, అంటే వెయ్యికి ఒక్కరు. విచిత్రం ఏంటంటే జబ్బుకి దారి తీసే జన్యువులు అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకే లెక్కలో ఉన్నాయి. తేడా పళ్ళెంలో ఉంది, అక్కడ మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములు.

ఆ 25 గ్రాములే నా పీక మీదకొచ్చింది. ఉత్తరాది వాళ్ళింట్లో గోధుమ అందరికీ కనిపిస్తుంది, డబ్బాలో పిండి, పళ్ళెంలో రొట్టె, ఇదీ గోధుమ అని చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు. మన ఇళ్ళల్లో అది తిండి లెక్కలోకే రాదు, చాటుగా వస్తుంది. గారెల పిండి పల్చబడితే గుప్పెడు బొంబాయి రవ్వ, అట్టు కరకరలాడ్డానికి ఇంకో గుప్పెడు. బజ్జీల పిండిలో చెంచాడు మైదా. పెసరట్టు మధ్యలో ఉప్మా. అలసిపోయినప్పుడు హార్లిక్స్, అందులో గోధుమపిండీ ఉంటుంది, బార్లీ మాల్టూ ఉంటుంది, నా రక్తం పెరగాలని ఆరేళ్ళు రోజుకి రెండు పూటలా తాగించారు మావాళ్ళు! ఇక ఇంగువ. మనం పొడి డబ్బాల్లో కొనేదాంట్లో అసలు ఇంగువ కొంచెమే, అది మరీ ఘాటు కాబట్టి జిగురూ పిండీ కలిపి అమ్ముతారు, ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమపిండో మైదాయో. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, నేను పదిహేనేళ్ళు వంట చేసి ఒక్కసారి కూడా తిప్పి చూళ్ళేదు. పప్పులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, చారులో ఇంగువ. మీరూ ఒకసారి మీ పోపులపెట్టె పక్కనున్న డబ్బా తిప్పి చూడండి, జబ్బున్నా లేకపోయినా.

నాకు అర్థం కాని ఎనిమిది నెలలు

జబ్బని తెలిసిన రోజు నించే గోధుమ మానేశా. హార్లిక్స్ మానేశా, ఉప్మా మానేశా, మా ఉమ్మడి విశాఖ జిల్లా సొమ్మైన మాడుగుల హల్వా కూడా మానేశా (అది గోధుమ పాలతోనే చేస్తారు, మానడం అన్నిటికన్నా అదే కష్టమైంది). నాకంటూ ఒక స్టీలు కంచం, గ్లాసు, రెండు గిన్నెలు, ఒక గరిటె వేరు చేసుకుని వాటికి ఎర్ర టేపు చుట్టా. వంటగట్టు మీద కిటికీ పక్కన ఒక మూర చోటు నాది. ఎనిమిది నెలల తర్వాత టెస్టు చేయిస్తే టీటీజీ కొంచెం దిగింది గానీ ఉండాల్సిన దానికి చాలా పైనే ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగా "ఎక్కడో వెళ్తోందమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎక్కడికక్కడ నోరు కట్టుకుని కూర్చుంటే ఎక్కడ వెళ్తోంది?

ఒక వారం పాటు ఏం తిన్నానో, అది ఎక్కణ్ణించి వచ్చిందో, దేంతో చేశారో అన్నీ రాయమంది. తిన్నది రాయడం తేలికే. రెండోదీ మూడోదీ రాస్తుంటే బయటపడ్డాయి ఒక్కొక్కటీ. ఇంగువ సంగతి అప్పుడే తెలిసింది. తర్వాత బియ్యప్పిండి. మేము బియ్యం, చోళ్ళు మా వీధి చివర పిండిమరలో ఆడిస్తాం (రాగుల్ని మా వైపు చోళ్ళంటారు, పూర్ణా మార్కెట్‌లో అలాగే అడగాలి). అక్కడ ఒకటే మిషను. వెళ్ళి నిలబడి చూశా, నాకన్నా ముందు ఒకాయన అయిదు కిలోల గోధుమలు ఆడించుకుని వెళ్ళాడు, వెంటనే నా బియ్యం పోశారు. అడిగితే మర అతను ఎంతో మర్యాదగా "ముందొచ్చిన గుప్పెడు పక్కకి తీసేస్తానమ్మా, మీకు కల్తీ రాదు" అన్నాడు. అతని దృష్టిలో కల్తీ అంటే రంగు మారడం. నా లెక్క వేరు.

ఆ లెక్కేంటో చెప్తా, ఎందుకంటే ఇంట్లో నన్ను నమ్మింది ఈ లెక్క తర్వాతే. 2007లో ఇటలీ డాక్టర్లు ఒక పరిశోధన చేశారు, సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున మూడు నెలలిచ్చి చూశారు, పేగు దెబ్బతింది. పది మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి ఫర్వాలేదు అంటారు ఇప్పుడు. మన చపాతీ ఒకటి ముప్ఫై గ్రాముల పిండి అనుకుందాం, అందులో గ్లూటెన్ రెండున్నర మూడు గ్రాములుంటుంది. అంటే ఆ 50 మిల్లీగ్రాములు, చపాతీని యాభై అరవై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క, రోజూ. పది మిల్లీగ్రాములంటే చిటికెడు పిండి కూడా అక్కర్లేదు. మర రాళ్ళ మధ్య చిక్కుకున్న గోధుమపిండి నా బియ్యప్పిండిలోకి ఎంతొస్తుందో మీరే ఊహించుకోండి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వెయ్యాలంటే మన దేశంలో కూడా కిలోకి 20 మిల్లీగ్రాముల లోపుండాలి.

ఇంగువ వల్లా, మర వల్లా, లేక పెనం వల్లా అని అడిగితే నేను చెప్పలేను. అన్నీ ఒకేసారి ఆపేశా కాబట్టి దొంగ ఎవరో తేలకుండానే దొంగతనం ఆగింది. ఈ జబ్బులో అదొక చికాకు, నాకు తగిలిన వెంటనే కడుపునొప్పీ గట్రా ఏం రావు, అందుకే తప్పు చేసిన రోజు తప్పని తెలీదు, ఆర్నెల్ల తర్వాత కాయితం మీద నంబరు చెప్తుంది.

ఏరే గళాసు

ఎర్ర టేపు గిన్నెలు పెట్టుకున్న కొత్తలో సంగతి. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ, పదేళ్ళ నించి వస్తోంది, పెందుర్తి దగ్గర ఊరు. ఆ గిన్నెలకి పీచు కూడా వేరే కొని సింకు పక్కన పెట్టి ఆవిడకి చెప్పా, ఇవి ముందు తోమాలి, ఈ పీచుతోనే తోమాలి, మిగతావాటితో కలపకూడదు అని. ఆవిడ గ్లాసు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "ఏటమ్మా, మాకెట్టినట్టు మీకు మీరే ఏరే గళాసు ఎట్టుకున్నారేటి?" అంది.

ఎగతాళి చెయ్యాలని అన్నది కాదు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. నిజమే కదా, మా అత్తయ్యగారు ఆవిడకి టీ ఇచ్చే గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉంటుంది, నేను కాపరానికి వచ్చిన రోజు నించీ ఉంది, నాకు ఎబ్బెట్టుగా ఉన్నా ఎప్పుడూ మాట్లాడలేదు. నా ఎర్ర టేపు గ్లాసు దాని పక్కనే పెట్టా, అదీ చూసుకోకుండా.

మా అమ్మమ్మది విజయనగరంలో పాతకాలం ఇల్లు, మడి గట్టిగా పాటించేది. నాకు జబ్బని తెలిసినప్పుడు మా అమ్మ అన్న మొదటి మాట, "మీ అమ్మమ్మ ఉంటే నీకు చిటికెలో నేర్పేది" అని. ఒక రకంగా అది నిజం. అన్నం ముట్టుకున్న చేత్తో నేతిగిన్నె ముట్టుకోకూడదు, చెయ్యి కడగాలి. ఆవకాయ జాడీలోకి తడి గరిటె వెళ్ళకూడదు, కంచంలో తగిలిన గరిటె అసలే వెళ్ళకూడదు. ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలోకి మారకుండా చూసుకునే ఆ ఒడుపు చేతులకి అలవాటైపోయి ఉండేది ఆ తరం ఆడవాళ్ళకి. ఆ పదిహేను పాయింట్ల కాయితం మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే "ఇందులో కొత్తేముందే" అనేది. మేమూ మొదట్లో సరదాగా అదే భాష వాడాం, గోధుమ అంటు, చెయ్యి కడుక్కో, మా ఆయన అయితే నన్ను మడిబామ్మగారూ అని పిలిచేవారు.

ఆ గ్లాసు మాట విన్నాక ఆ భాష మానేశా. మడిలో ఒడుపు ఎంత ఉందో మనుషుల్ని గుమ్మం అవతల నిలబెట్టడం అంతకన్నా ఎక్కువ ఉంది, రెంటినీ విడదీసి మంచిది మాత్రం తీసుకున్నా అని నేను చెప్పుకోవచ్చు గానీ, గ్లాసు కడిగేవాళ్ళకి అది అలా కనపడదు. పైగా జబ్బు సంగతిగా చూసినా ఆ పోలిక తప్పే. మడికి ముట్టుకోవడమే తప్పు. గ్లూటెన్ ముట్టుకుంటే నాకేమీ కాదు, చర్మంలోంచి లోపలికి పోదు, గోధుమపిండి పిసికినా చెయ్యి గోళ్ళతో సహా సబ్బుతో కడుక్కుంటే సరిపోద్ది. నోట్లోకి వెళ్తేనే గొడవ. కాబట్టి ఇందులో మైలపడే మనిషంటూ ఎవరూ లేరు. ఉన్నది ఒక పిండి, అది ఎక్కడుందో తెలియాలి, అంతే. మనిషిని విడిగా పెట్టే అలవాటు మనకి ఎంత ఒంటికి పట్టిందో చూడండి, చివరికి నన్ను నేనే విడిగా పెట్టుకున్నా, ఎవరూ చెప్పకుండా.

ఆ తర్వాత టేపు పీకేశా. కిటికీలో గ్లాసు కూడా తీసేసి అందరి గ్లాసుల్లో కలిపేశా. మొదటిసారి మాటలు ఆగింది అప్పుడే.

మావయ్యగారి చపాతీలు

ఇక రెండోసారి. మావయ్యగారికి డెబ్భై నాలుగు, షుగరు పద్దెనిమిదేళ్ళ నించి. రాత్రి రెండు చపాతీలు. మన రాష్ట్రంలో షుగరొచ్చిన ప్రతివాడూ మొదట చేసే పని ఇదే కదా. ఆయన్ని చూసే డాక్టరే చెప్పారు, గోధుమా పిండిపదార్థమే, వరీ పిండిపదార్థమే, ఎంత తింటారన్నదే లెక్క అని. ఆయన వింటారు, తలూపుతారు, రాత్రి ఎనిమిదింటికి చపాతీ అడుగుతారు. ఆయనకది తిండి కాదు, మందు.

ఆ చపాతీలు చేసేది నేను. ఇది ఏ కాయితంలోనూ ఉండదు చూడండి, పేషెంటు తన మానాన తను ఒక మూల వండుకుని తినే మనిషి అనుకుంటారు రాసేవాళ్ళు, మన ఇళ్ళల్లో ఆ జబ్బున్న మనిషే మిగతావాళ్ళకి పిండి కలుపుతూ ఉంటుంది. కలపడం వరకూ ఫర్వాలేదన్నాను కదా. ఒత్తేటప్పుడు చల్లే పొడిపిండి ఉందే, అది గాల్లోకి లేస్తుంది, నా ముక్కులోకీ గొంతులోకీ పోతుంది, పక్కన మూత లేని కూర మీద వాలుతుంది, గట్టు మీద నా మూర చోటు మీద కూడా వాలుతుంది. ఫ్యాను వేస్తే చెప్పక్కర్లేదు. అలాంటి వంటింట్లో కిటికీ పక్క మూరెడు చోటు నాదని గీత గీసుకోవడం సముద్రంలో గీత గీయడమే.

అప్పుడు కూర్చుని ఆలోచించా. గోధుమ ఉన్న వంటింట్లో నాకొక మూల ఉంటే, నలుగురు మనుషులు రోజంతా, ఏ గరిటె, ఏ గుడ్డ, ఏ పీట అని గుర్తు పెట్టుకోవాలి, ఎవరు మర్చిపోయినా అది నా పొట్టలోకే వస్తుంది. అదే వంటింట్లో గోధుమే లేకుండా, దానికే ఒక మూల ఉంటే, గుర్తు పెట్టుకోవాల్సింది రాత్రి అరగంట, మిగతా ఇరవై మూడున్నర గంటలు ఎవరు ఏం మర్చిపోయినా ఏం కాదు. పైగా మనం అన్నం తినేవాళ్ళం! గోధుమ ఇంట్లోంచి పోతే పోయేది రెండు చపాతీలు, మావాడి నూడుల్స్, ఆదివారం ఉప్మా. ఢిల్లీలో ఇలా చెయ్యమంటే నిజంగా కష్టం, వైజాగ్‌లో ఏంటి? అందరూ నన్ను ఓదార్చడానికి వాడిన ఆ "అన్నం తినేవాళ్ళమే కదా" అన్న మాట అసలు వాడాల్సింది ఇక్కడ.

వెనక బాల్కనీలో వాషింగ్ మిషన్ పక్కన చిన్న అలమరా పెట్టించాం. అందులో గోధుమపిండి డబ్బా, చపాతీ పీట, కర్ర, రవ్వ, నూడుల్స్, ఒక ఇండక్షన్ స్టవ్వు, రెండు కంచాలు, వాటి పీచు, మసిగుడ్డ. చపాతీలు మా ఆయన చేస్తారు ఇప్పుడు. మొదటి నెల శ్రీకాకుళం జిల్లా మ్యాపులా వచ్చేవి, ఇప్పుడు కాస్త గుండ్రంగానే ఉంటున్నాయి.

ఇందులో తేలిగ్గా విడని ముడి ఒకటుంది, పెనం. మా అత్తయ్యగారి అమ్మగారి పెనం అది, ఇనపది, దాని మీద అట్టు పోస్తే అట్టు తనంతట తనే లేస్తుంది. దాన్ని సబ్బుతో తోమరు, గుడ్డతో తుడిచి నూనె రాసి పెడతారు. రవ్వట్లూ, బెల్లం వేసిన గోధుమట్లూ, చపాతీలూ అన్నీ దాని మీదే యాభై ఏళ్ళుగా. "అంత వేడికి ఏదైనా ఉంటుందా, మాడి మసైపోదూ" అన్నారు. గ్లూటెన్ పురుగు కాదండీ చావడానికి, ప్రోటీను, కాల్చినా వండినా పోదు, కడిగితేనే పోతుంది, ఈ పెనాన్ని కడగరాయె అని చెప్పా. పోనీ కడుగుతానంటే ఊరుకుంటారా, యాభై ఏళ్ళ నూనె పోతుంది. చివరికి పెనం కూడా బాల్కనీలోకి వెళ్ళింది, అట్లకి కొత్తది కొన్నాం. "నా పెనాన్ని వెలేశావు కదే" అన్నారు. పదకొండు రోజులు మాట్లాడలేదు. ఎర్ర టేపు పీకేసినప్పుడు నేను పడ్డదేంటో అప్పుడు ఆవిడ పడ్డారు, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది, అయినా పెనాన్ని లోపలికి తేలేదు.

మావయ్యగారు అన్నది ఇంకా సూటిగా ఉంది. "నా ఇంట్లో నేను రొట్టె తినడానికి బాల్కనీలోకి పోవాలా?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకరి జబ్బుకి నలుగురూ తిండి మార్చుకోవాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఆయన తిండి మారలేదు, మారింది చోటు, తినేది డైనింగ్ టేబుల్ దగ్గరే, అని చెప్పా. ఆయన ఒప్పుకున్నట్టు కాదు, వాదించడం మానేశారు.

మరీ అంత భయమా

ఇక్కడ నాకు నేనే చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఒక దశలో నాకు పిచ్చి పట్టింది. మావాడు బిస్కట్ తిని నా బుగ్గ మీద ముద్దు పెడితే లేచి వెళ్ళి మొహం కడుక్కున్నా, వాడు అలా నిలబడి చూశాడు. బీచ్ రోడ్డులో ముంత మసాలా బండి దగ్గర అందరూ తింటుంటే నేను నీళ్ళ సీసా పట్టుకుని దూరంగా నిలబడేదాన్ని, గాలికి ఏమైనా ఎగిరొస్తుందేమోనని. పెళ్ళిళ్ళకి మానేశా.

2020లో అమెరికాలో ఒక పిల్లల ఆస్పత్రి వాళ్ళు చేసిన పరిశోధన గురించి చదివాక కొంచెం తగ్గింది. మామూలు బ్రెడ్డు కాల్చిన టోస్టర్‌లోనే గ్లూటెన్ లేని బ్రెడ్డు కాల్చి పరీక్ష చేశారు, 20 పీపీఎం (అదే, కిలోకి 20 మిల్లీగ్రాములు) దాటలేదు. మామూలు పాస్తా ఉడికించిన నీళ్ళలోనే వేరే పాస్తా ఉడికిస్తే మాత్రం దాటింది. అంటే ఆ కాయితంలో మొదటి పాయింటే, ఆ టోస్టరే, అంత భయపడాల్సింది కాదన్నమాట! దీన్నించి నేను తీసుకున్నది ఇదీ: తడిగా కలిసేవి, పొడిగా ఎగిరేవి, కడగడానికి వీల్లేనివి, ఈ మూడూ చూసుకుంటే చాలావరకు అయిపోయినట్టే. పూరీలు వేగిన నూనె, పిండిమర, చెక్క కర్ర, ఇనప పెనం. స్టీలు కంచం ఎవరిదైనా సబ్బుతో తోమి కడిగితే అది శుభ్రమే. అందుకే ఎర్ర టేపు అక్కర్లేదు అంటున్నా, మంచితనానికి కాదు, అది నిజంగానే అక్కర్లేదు.

కాకపోతే నా మాటకి ఎదురు మాట నా ఎదురింట్లోనే ఉంది. నేవీలో పనిచేసే ఆయన కుటుంబం, హర్యానా వాళ్ళు, ఆవిడ చెల్లెలికి చిన్నప్పటి నించీ ఇదే జబ్బు. ఆవిడ నా బాల్కనీ అలమరా చూసి, "మా ఇంట్లో పదిమంది, రోజుకి నలభై రొట్టెలు, గోధుమని ఎక్కడికి పంపిస్తాం, మా చెల్లెలే వేరే పొయ్యి మీద సజ్జరొట్టె చేసుకునేది, అలాగే పెరిగింది, బాగానే ఉంది" అంది. ఉండొచ్చు. వాళ్ళింట్లో అందరికీ ఆ జబ్బు తెలుసు, గోధుమ కళ్ళెదురుగా ఉంటుంది కాబట్టి జాగ్రత్తా అలవాటైపోయింది. నేను చెప్పేది మన ఇళ్ళకి. "ఆ చెల్లెలు ఒక్కతీ విడిగా కూర్చుని తినేదా" అని అడుగుదామనుకుని అడగలేదు.

కళావతి

పోయిన కార్తీకంలో మా మరిది మధురవాడలో కొత్త ఫ్లాటు గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. ప్రసాదం రవ్వతోనే కదా, అన్నవరంలో అయినా గోధుమ నూకే. ఆకులో ప్రసాదం నా చేతిలో పెట్టారు. నేను కళ్ళకద్దుకుని మావాడికి ఇచ్చేశా. పక్కనున్న పెద్దావిడ చూసేసింది. "ప్రసాదం తినకుండా లేవకూడదమ్మా, కళావతికి ఏమైందో ఇందాకే కథలో విన్నావుగా, మొగుడెక్కిన పడవ మునిగింది" అంది, నలుగురికీ వినపడేలా. మా ఆయన ఆ పక్కనే మంచినీళ్ళు అందిస్తున్నారు, "నేను పడవెక్కనులెండి" అన్నారు. నవ్వారు అందరూ, నేను నవ్వలేకపోయా. మూడేళ్ళలో ఎంతమందికి ఎన్ని లెక్కలు చెప్పానో, ఈ అరచెంచాడు తీపి దగ్గర ఏ లెక్కా పనికిరాదు. పంతులుగారే చివరికి, ఏదో అర్థమైనట్టు, నైవేద్యం పెట్టిన అరటిపండు ఒకటి తీసి నా చేతిలో పెట్టి "ఇదీ ప్రసాదమే తల్లీ" అన్నారు. తొక్క ఉన్న ప్రసాదం.

మా అత్తయ్యగారు అప్పుడేమీ అనలేదు. పోయిన నెల మా ఇంట్లో వ్రతానికి మాత్రం మిక్సీలో ఏదో గరగరమంటుంటే వెళ్ళి చూశా, బియ్యం రవ్వ పడుతున్నారు. "గోధుమ నూక బాల్కనీలో ఉంది, మడితో అక్కడికెవరు పోతారు" అన్నారు, నా మొహం చూడకుండా. నిజం చెప్పాలంటే ఆ ప్రసాదం కాస్త గట్టిగా వచ్చింది.

మొన్నటి రిపోర్టులో టీటీజీ మామూలు లెక్కలోకి వచ్చింది, హిమోగ్లోబిన్ 11.6. ఇప్పుడు నా సమస్యల్లా వాన. మా వెనక బాల్కనీకి పైన కప్పు లేదు, సముద్రం వైపు నించి జల్లు అడ్డంగా కొడుతుంది. అల్పపీడనం పట్టిన మూడు రోజులూ మా ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చపాతీ కర్ర. మావయ్యగారు గుమ్మం లోపల స్టూలేసుక్కూర్చుని టార్చి పట్టుకున్నారు. మూడో రోజు అత్తయ్యగారు "ఈ రెండ్రోజులకీ స్టవ్వు లోపలికి తెచ్చుకోకూడదుటే" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. రేకు వేసే అతన్ని పిలిచాం, ఆదివారం వస్తానన్నాడు. శనివారం నించి మళ్ళీ వానలంటున్నారు.